నాలుగో నిలువుపెట్టె

ఫిల్మ్ నగర్ వెనక, బండల మధ్య, తొమ్మిది ఇనప పెట్టెలుండేవి. మనిషి నిలువునా పట్టే పెట్టెలు. ఒక్క మనిషే... ఇద్దరు పట్టరు. వాటి మాటెత్తితే చాలు, పగలంతా రాళ్లు కొట్టే మొరటు మనుషులు కూడా బీడీ పారేసి మాట మార్చేసేవాళ్లు. దీపాలు పెట్టే వేళ దాటితే ఆటోవాళ్లు ఆ మలుపు దగ్గరే ఆపేసేవాళ్లు. రెట్టింపు ఇస్తానన్నా ముందుకి కదిలేవాళ్లు కాదు.

ఆ పెట్టెలు అక్కడికెలా వచ్చాయంటే, తొంభై మూడులో ఒక నిర్మాత సినిమా మొదలెట్టాడు. బాంబులు పడి లోకమంతా బూడిదైపోయాక, మిగిలిన మనుషులు ఎవరి పెట్టెలో వాళ్లు దూరి ప్రాణం కాపాడుకుంటారన్న కథ. సెట్టు వేశారు. నాలుగు రోజులు షూటింగు జరిగింది. ఐదో రోజు ఆగిపోయింది.

ఎందుకాగిందయ్యా అంటే ఒక్కొక్కళ్లది ఒక్కో మాట. డబ్బు అయిపోయిందని ఒకరన్నారు. హీరో అలిగాడని ఇంకొకరన్నారు. గొంతు తగ్గించి చెప్పేవాళ్లు మాత్రం... నాలుగో పెట్టె తలుపు లోపలి నుంచి ఎవరో తట్టారన్నారు. అప్పుడు ఆ పెట్టెలో ఎవరూ లేరు —

ఆ స్థలానికి కాపలా ఎల్లమ్మ. పక్కనే గుడిసె వేసుకుని, మేకలు కాసుకుంటూ ఉండేది. ఆవిడనడిగితే తాపీగా చెప్పేది. "కొడ్తరమ్మా. అమాసకు, పున్నానికి అని లేదు, బుద్ధి పుట్టినప్పుడు కొడ్తరు. ఎవరంటే నేనేం జెప్త? నేను తలుపు తీస్తినా, చూస్తినా? నా మేకలైతె గా దిక్కు పోవు."

అలాంటి చోటికి మన శేషారత్నం ఒంటరిగా, రాత్రి తొమ్మిదింటికి, తనంత తానుగా వెళ్లింది. ధైర్యం ఎక్కువై వెళ్లలేదు. కడుపుమంటతో వెళ్లింది.

శేషారత్నానికి అప్పటికి నలభై రెండేళ్లు. డబ్బింగు ఆర్టిస్టు. కాకినాడ నుంచి పందొమ్మిదో ఏట మద్రాసు వెళ్లింది, పరిశ్రమతో పాటే హైదరాబాదు వచ్చింది, శ్రీనగర్ కాలనీలో ఒక పోర్షను అద్దెకి తీసుకుని ఉండేది. తెలుగు ముక్క రాని హీరోయిన్లు ఎంతమంది ఆవిడ గొంతుతో ఏడ్చారో, ఎంతమంది ఆవిడ గొంతుతో ప్రేమించారో లెక్కలేదు. కానీ తెర మీద పేర్లు పడేటప్పుడు టీలందించినవాడి పేరు కూడా కనిపించేది, ఆవిడ పేరు తప్ప. హీరోయిన్ షీల్డు పుచ్చుకుంటుంటే శేషారత్నం ఇంట్లో టీవీ ముందు కూర్చుని వడియాలు వేయించుకునేది. ఒకసారి ఆ హీరోయిన్ "నా గొంతుని ఆదరించిన ప్రేక్షకులకి" అంది. ఆ రోజు వడియాలు మాడిపోయాయి.

ఇక కౌసల్య. ఐదేళ్ల కిందట బాపట్ల నుంచి ఎవరిదో ఉత్తరం పట్టుకుని వచ్చిన పిల్ల. శేషారత్నమే మూడు నెలలు ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టింది. ఏడుపు గొంతులోంచి కాదే, పొట్టలోంచి రావాలి అని నేర్పింది. ఇప్పుడా కౌసల్య కృష్ణానగర్‌లో గది తీసుకుని, రోజుకి మూడు స్టూడియోలు తిరుగుతోంది. శేషారత్నం ఇంట్లో ఫోను మోగడం తగ్గింది. పోనీ, ఏరు దాటాక తెప్ప తగలేసిందని నలుగురికీ చెప్పుకుందామా అంటే, ఆ పిల్ల ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. ప్రతి ఆదివారం "అక్కా" అంటూ గోంగూర పచ్చడి సీసా పట్టుకుని వచ్చేది. ఆ పచ్చడి బాగుండేది కూడాను. అది మరీ మంట.

అలా ఉండగా తొంభై ఎనిమిదిలో ఇంకో నిర్మాత, అచ్యుతరామయ్య గారు, రంగంలోకి దిగారు. వరసగా నాలుగు సినిమాలు పోగొట్టుకుని, ఇక సినిమాలకో దండమని, జూబ్లీ హిల్స్‌లోని ఆఫీసులో కంప్యూటర్లు పెట్టారు. సినిమా కాదమ్మా, కంప్యూటర్లో ఆడే ఆట తయారుచేస్తున్నాం అని అందరికీ చెప్పారు. ఆయన కుర్రాళ్లు ఆ తొమ్మిది పెట్టెల్నీ అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకెళ్లి కంప్యూటర్లోకి ఎక్కించారు.

ఆట ఏంటంటే — లోకం బూడిదైపోయింది. ఆడేవాడు ఆ బూడిదలో ఒంటరిగా తిరుగుతుంటాడు. ఒక పెట్టె దగ్గరికొచ్చి తలుపు తడతాడు. లోపల ఒక ఆడమనిషి ఉంటుంది. తలుపు తియ్యదు. ఆట మొత్తంలో ఆవిడ మొహం కనిపించదు. లోపలి నుంచి మాట్లాడుతుంది, ఏడుస్తుంది, దారి చెప్తుంది. గొంతు ఒక్కటే.

"ఆట అంతా ఆ గొంతు మీదే నడుస్తుందమ్మా. అందుకని గొంతిచ్చినావిడ పేరు ఆట సీడీ అట్ట మీద వేస్తాం. పెద్దక్షరాల్లో" అన్నారు అచ్యుతరామయ్య గారు.

ఆ రాత్రి శేషారత్నానికి నిద్ర పట్టలేదు. ఇరవై మూడేళ్లలో మొదటిసారి తన పేరు అచ్చులో, రంగుల అట్ట మీద! ఆ అట్ట దుకాణంలో అద్దాల వెనక ఎలా ఉంటుందో కూడా ఊహించేసుకుంది. మర్నాడు స్టూడియోలో కౌసల్యతో పాటు పరీక్ష ఇచ్చింది. ప్రాణం పెట్టి ఇచ్చింది. అచ్యుతరామయ్య గారు విని గడ్డం గోక్కున్నారు. బాగుందమ్మా, కానీ లోపల ఇరుక్కున్న మనిషిలా లేదు, చక్కగా సోఫాలో కూర్చున్నట్టుంది అన్నారు.

అప్పుడు సౌండు ఇంజనీరు రాజబాబు ఒక మాటన్నాడు. ఆ ఇనప పెట్టె గుయ్యిమనే మోత స్టూడియోలో ఎంత తంటాలు పడ్డా రాదట. ఆ పెట్టెలోనే మైకు పెట్టి రికార్డు చెయ్యాలట. పగలు బండలు పేల్చే చప్పుడు కాబట్టి రాత్రే చెయ్యాలి. నాలుగో పెట్టె గట్టిగా ఉంది, దాంట్లో పెడదామన్నాడు. అచ్యుతరామయ్య గారు సరేనని, "ముందు కౌసల్యతో చూద్దాం" అన్నారు.

ముందు! ఆ ఒక్క మాట శేషారత్నానికి అరికాలి మంట నెత్తికెక్కించింది. పైకి మాత్రం నవ్వుతూ కౌసల్య భుజం తట్టింది. బాగా చెయ్యవే అంది. మనసులో మాత్రం, దీని గొంతు పడిపోను అనుకుంది. రాత్రి పదింటికి రికార్డింగు. అది బాగుంటే ఇక అదే ఖాయం.

కౌసల్యకి దెయ్యాలంటే చచ్చేంత భయం. శ్రీనగర్ కాలనీలో ఉన్నప్పుడు కరెంటు పోతే చాలు, వచ్చి శేషారత్నం చెయ్యి పట్టుకుని కూర్చునేది. ఇరవై రెండేళ్లొచ్చిన పిల్ల! ఆ చెయ్యి పట్టుకున్న గుర్తే శేషారత్నానికి ఉపాయం చెప్పింది. ముందే వెళ్లి నాలుగో పెట్టెలో దూరి, అది రాగానే లోపలి నుంచి తడితే... ఇక ఆ జన్మలో ఆ పెట్టె ఛాయలకి రాదు. రానని అదే చెప్తుంది. పాపం మనది కాదు.

ఆటో మలుపు దగ్గర దించేసింది. శేషారత్నం చిన్న టార్చి పట్టుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని బండల మధ్య నడిచింది. పెద్ద బండ చాటున రాజబాబు వ్యాను కనిపించింది. తొంగి చూసింది... ఎవరూ లేరు. భోజనానికి వెళ్లుంటాడనుకుంది. ఎల్లమ్మ గుడిసెలో దీపం లేదు.

తొమ్మిది పెట్టెలు వరసగా, చీకట్లో నిలబడి ఉన్నాయి. నాలుగోదాని తలుపు కొంచెం తెరిచి ఉంది. తలుపుకి బయట బ్యాంకు లాకరుకున్నట్టు పెద్ద చక్రం, దాని పక్కన, కథలో డబ్బు వేస్తేనే తలుపు తెరుచుకుంటుందన్నట్టు, రూపాయి బిళ్ల వేసే కంత. అబ్బ, ఎంత పనితనం! శేషారత్నం ఊపిరి బిగబట్టి లోపలికి దూరింది. తలుపు లాక్కుంది. అది ఠప్పున పడింది.

లోపల చీకటి... కాటుక కూడా ఇంత నల్లగా ఉండదు. మోకాళ్లు తలుపుకి తగులుతున్నాయి, వీపు వెనక రేకుకి తగులుతోంది. తుప్పు వాసన. టార్చి వెలుగు బయటికి కనిపిస్తుందేమోనని ఆర్పేసింది.

ఎంతసేపైందో తెలీదు. దూరంగా అడుగుల చప్పుడు. రెండు జతల అడుగులు. కౌసల్య గొంతు వినిపించింది, ఎల్లమ్మతో ఏదో అంటోంది. దగ్గరికి... ఇంకా దగ్గరికి... శేషారత్నం పిడికిలి బిగించి మూడుసార్లు తట్టింది. టక్... టక్... టక్.

బయట అడుగులు ఆగిపోయాయి.

తరవాత "అమ్మో..." అని సన్నగా వినిపించింది. ఆ వెంటనే బండల మీద పరుగు. చెప్పులు ఊడిపోయిన చప్పుడు కూడా వినిపించింది. శేషారత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇన్నాళ్లకి మనసు చల్లబడింది. ఇక పోదామని తలుపు తోసింది.

కదల్లేదు.

భుజంతో తోసింది. కదల్లేదు. గడియ కోసం తడిమింది. చేతికి తలుపు రేకు వెనక కొట్టిన ఉత్త చెక్క, సగం దిగిన మేకులు తగిలాయి. అప్పుడు వెలిగింది. సెట్టు పనివాళ్లు కెమెరాకి కనిపించే వైపే పనిచేస్తారు. వెనక వైపు రంగు కూడా వెయ్యరు. బయట అంత పెద్ద చక్రం పెట్టినవాళ్లు, లోపల గడియ పెట్టలేదు. ఎందుకు పెడతారు? లోపలి వైపుని ఏ షాటులోనూ చూపించరు. ప్రాణం కాపాడుకోవడానికి దూరే పెట్టెకి లోపలి నుంచి బయటికొచ్చే దారే లేదు. ఇరవై మూడేళ్లు సెట్ల చుట్టూ తిరిగిన మనిషి ఆ సంగతి మర్చిపోయింది.

"కౌసల్యా!" అని అరిచింది. రెండు చేతులతో తలుపు బాదింది. తాను తీసిన గోతిలో తానే పడ్డట్టయింది. ఎంత బాదితే వాళ్లు అంత దూరం పరిగెత్తుతారు. ఎంత అరిస్తే అంత దెయ్యం. ఆ సంగతి తలకెక్కగానే శేషారత్నం పొట్టలోంచి ఒక కేక వచ్చింది. నేర్చుకున్న కేక కాదు, ఎవరికో అరువిచ్చిన కేకా కాదు. ఇనప రేకులు గుయ్యిమన్నాయి.

కేక అయ్యాక ఒంట్లో సత్తువ లేకపోయింది. కూలబడడానికి కూడా చోటు లేదు. నిలబడే ఏడ్చింది. ఏడుస్తూ ఏదేదో మాట్లాడింది. ఒక్కర్తే ఉన్నప్పుడు రెండు పాత్రల మాటలూ తనే చెప్పుకోవడం ఆవిడకి పాత అలవాటు. అడిగిందీ తనే, జవాబిచ్చిందీ తనే అనుకుంది. ఎందుకో కాసేపటికి భయం తగ్గింది. వీపుకి చల్లగా తగిలిన రేకు కూడా కొంచెం వెచ్చబడింది.

పదిన్నరకి టార్చి వెలుగులు. తలుపు తెరిచింది రాజబాబు. వెనకాల కౌసల్య.

"అక్కా... నువ్వా?"

శేషారత్నానికి దొంగకి తేలు కుట్టినట్టయింది. నీ కోసమే వచ్చానే, పెట్టె ఎలా ఉందో ముందుగా చూద్దామని, అని ఏదో కూసింది. కౌసల్య నమ్మింది. నమ్మడమే కాదు, తన కొంగుతో అక్క మొహం తుడిచింది, మంచినీళ్లు తాగించింది, నువ్వు లోపలున్నావని తెలీక పారిపోయానక్కా అని ఏడ్చింది. దాని మంచితనం చూసి శేషారత్నానికి ఇంకా ఒళ్లు మండింది. ఆ రాత్రికి రికార్డింగు మానేశారు.

మర్నాడు పొద్దున్నే రాజబాబు ఫోను చేశాడు. గొంతులో సంబరం దాగట్లేదు. విషయం ఏంటంటే — ఏ చోట రికార్డింగు చేసినా ముందు ఆ చోటులోని ఖాళీ మౌనాన్ని టేపు మీదికి ఎక్కించుకోవడం సౌండువాళ్ల పద్ధతి. మనుషుల అలికిడి ఉండకూడదని రాజబాబు మిషను ఆన్ చేసి, భోజనానికి వెళ్లిపోయాడు. మైకు నాలుగో పెట్టె కప్పుకి నల్లగుడ్డ చుట్టి కట్టి ఉంది. చీకట్లో ఆవిడ చూడలేదు. కేక మొత్తం టేపు మీద పడింది. "కేక వరకే విన్నాను, అలాంటిది నా సర్వీసులో వినలేదమ్మా. పెద్దాయన మిమ్మల్ని రమ్మంటున్నారు" అన్నాడు.

శేషారత్నం పోచంపల్లి పట్టుచీర తీసి కట్టుకుంది.

ఆఫీసులో అచ్యుతరామయ్య గారు, రాజబాబు, కౌసల్య ఉన్నారు. కౌసల్య లేచి వచ్చి అక్క పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. రాజబాబు మిషను తిప్పాడు. చక్రాలు తిరిగాయి. టక్... టక్... టక్. తరవాత బాదడం. తరవాత కేక.

అచ్యుతరామయ్య గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. చెయ్యి చూపించారు, రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఇంకేం ఆలోచించక్కర్లేదు, అట్ట మీద శేషారత్నం గారి పేరే అన్నారు. కౌసల్య అక్క చెయ్యి గట్టిగా నొక్కింది. నిజంగా సంతోషించింది ఆ పిల్ల. శేషారత్నానికి కళ్లు చెమర్చాయి. ఇరవై మూడేళ్లు కళ్ల ముందు తిరిగాయి.

టేపు ఇంకా తిరుగుతోంది. ఏడుపు వినిపించింది. ఆ తరవాత మాటలు మొదలయ్యాయి. అప్పుడు గుర్తొచ్చింది శేషారత్నానికి... తను ఏం మాట్లాడిందో.

"ఇక చాలు, ఆపెయ్యి బాబూ" అంది. ఉండమ్మా, ఇది ఇంకా బాగుంది అన్నారు అచ్యుతరామయ్య గారు.

టేపులో తన గొంతు: "ఇరవై మూడేళ్లు... ఒక్క చోటన్నా నా పేరు లేదు."

ఇంకో గొంతు: "నాకూ లేదు."

గదిలో అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

"అన్నం పెట్టాను దానికి. చెయ్యి పట్టుకుని నేర్పాను. ఆ కౌసల్య గొంతు పడిపోవాలి. దాన్ని భయపెట్టి తరిమెయ్యడానికే వచ్చాను."

"దాని గొంతు పడిపోతే నీకొస్తుందా?"

ఏడుపు. చాలాసేపు ఏడుపు.

"ఊరుకో... ఊరుకో. కాస్త జరుగు. నాకు చోటు చాలట్లేదు."

కౌసల్య మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒడిలో చెయ్యి పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. ఏదైనా అనుంటే శేషారత్నానికి కొంత నయంగా ఉండేది.

అచ్యుతరామయ్య గారికి ఆ గొడవ పట్టలేదు. ఆయన చెవులు ఆ రెండో గొంతు మీదే ఉన్నాయి. చిన్న వయసు కాదు, పెద్ద వయసూ కాదు. ఏ ఊరి యాసో తెలీదు. తొందర లేని గొంతు, ఆ ఇనప రేకుల మధ్యనే పుట్టి పెరిగినట్టుంది. రాజబాబు మొహం మాత్రం పాలిపోయింది. మిషను ఆపి, ఆ రెండో గొంతు శేషారత్నం గారి కన్నా మైకుకి దగ్గరగా ఉంది సార్ అన్నాడు. ఆయన వినిపించుకోలేదు.

"ఇదమ్మా నాకు కావలసిన గొంతు! మీ కేక ఉంచుదాం, కానీ మాటలన్నీ ఈవిడే చెప్పాలి. ఎవరీవిడ? పేరు చెప్పండి, అట్ట మీద వేద్దాం."

భయపడాల్సింది శేషారత్నం. నిన్న రాత్రి తన వీపుకి వెచ్చగా తగిలిందేమిటో తెలిసిపోయింది మరి. కానీ ఆవిడకి భయం వెయ్యలేదు. కడుపు భగ్గుమంది. నిన్న హీరోయిన్లు, తరవాత కౌసల్య, ఇప్పుడిదొకటా! చేతికందిన పేరు, నోటి దాకా వచ్చిన ముద్ద, మనిషైనా కాని దాని పాలు చెయ్యాలా?

"ఇంకెవరండీ, నేనే" అంది శేషారత్నం. "ఒక్క మనిషి పట్టే పెట్టెలో ఇద్దరెలా ఉంటారు? రెండు గొంతులూ నావే. మాకది అలవాటే."

కౌసల్య తలెత్తి చూసింది. అచ్యుతరామయ్య గారి మొహం వెలిగింది.

"అయితే ఆ గొంతుతో ఒక్క మాట అనమ్మా."

శేషారత్నం కొంగు సర్దుకుంది. గొంతు సవరించుకుంది. ఊపిరి పొట్ట నిండా తీసుకుని నోరు తెరిచింది —

స్పీకర్లోంచి, చాలా దగ్గరగా, తాపీగా వినిపించింది.

"ఇది కూడా నీదేనా, రత్నం?"

అందరూ రాజబాబు వైపు తిరిగారు. రాజబాబు గోడకి ఆనుకుని నిలబడి, మిషను వంకే చూస్తున్నాడు. చక్రాలు ఎప్పుడో ఆగిపోయి ఉన్నాయి.